స్తంభాలు లేని వరండా

మద్రాసులో ఆర్కిటెక్చర్ చదువుకుని తిరుపతికి వచ్చిన కొత్తలో నా పని ఏమిటో ఎవరికీ సరిగా తెలిసేది కాదు. ప్లాను గీసే సార్ అనేవాళ్ళు. కాగితాలు చేతిలో పెట్టగానే నా అవసరం తీరిపోయేది. తర్వాత ఇంటివాళ్ళూ మేస్త్రీ కలిసి తమకు తోచినట్టు కట్టుకునేవాళ్ళు. కొర్లగుంటలో నేను గీసిన ఇల్లొకటి చూడబోతే తూర్పు కిటికీలు రెండూ మూసేసి ఉన్నాయి, మెట్లు వంటింటి లోపలికి వచ్చి చేరాయి. అది నేను గీసిన ఇల్లని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

అలాంటివి మూడు చూశాక, ఇక గీసేదీ నేనే, కట్టేదీ నేనే అని తేల్చుకున్నాను. అప్పట్లో మా వృత్తివాళ్ళు దాన్ని తప్పుగా చూసేవాళ్ళు. మద్రాసులో నాకు పని నేర్పిన పెద్దాయనకు ఈ సంగతి రాస్తే పోస్టుకార్డు మీద జవాబు వచ్చింది. కాంట్రాక్టరు తప్పు చేస్తే పట్టుకోవాల్సినవాడివి నువ్వు, నువ్వే కాంట్రాక్టరువైతే నిన్ను పట్టుకునేదెవరు అని అడిగారు. నాకు కోపం వచ్చింది. తిరిగి రాయలేదు.

అలా ఒప్పుకున్న మొదటి ఇల్లు రిటైరైన ఒక హెడ్‌మిస్ట్రెస్‌ది. పెళ్ళి చేసుకోలేదు. పక్షవాతంతో మంచం పట్టిన అక్కను పెట్టుకుని ఒక సందులో అద్దెకు ఉండేవారు. ఆ ఇంటికి కిటికీ తీస్తే ఎదురింటి గోడ. అక్క పన్నెండేళ్ళుగా ఆ గోడనే చూస్తూ పడుకుని ఉంది. కొత్త ఇంట్లో మంచం మీద నుంచే కొండ ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడాలి, అంతకుమించి నాకేమీ వద్దు అన్నారు టీచరమ్మ. అందుకే ముందు వరండాకు స్తంభాలు లేకుండా స్లాబు గోడ మీద నుంచి ఆరడుగులు బయటికి వేలాడేటట్టు గీశాను.

మేస్త్రీ నగరి వైపు మనిషి. మా నాయన ఈడువాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "రెండు కంబాలు పెడదాం సార్. ఈడ అట్లా గాల్లో పెట్టిన ఇల్లు నేను కట్టలేదు" అన్నాడు. వేలాడే స్లాబులో బరువును మోసే ఇనప కమ్మీలు పైభాగంలో ఉండాలనీ, అవి పైన ఉన్నంతవరకూ ఏమీ కాదనీ, కిందికి దిగితే మాత్రం స్లాబు విరిగి పడుతుందనీ నేల మీద గీసి చూపించాను. సరేనన్నాడు.

స్లాబు వేసింది కార్తీకమాసంలో, ఆ రోజు మబ్బుగా ఉంది. స్లాబుకు అడుగున పరిచిన సెంట్రింగ్ పలకల కింద, తడ ఊరి నుంచి తెచ్చిన సవుకు కొయ్యలు ఊతంగా వరసగా నిలబడి ఉన్నాయి. పొద్దున్నే పైకెక్కి కమ్మీలన్నీ నా చేత్తో కొలిచాను. అన్నీ సరిగా ఉన్నాయి. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ మీదే దొరికేది. పూతపనికి కావలసిన సిమెంటు పర్మిట్‌కు ఆ రోజే ఆఖరు, చిత్తూరుకు వెళ్ళి సంతకం పెట్టవలసింది నేనే. ఉత్త ఆర్కిటెక్టునై ఉంటే ఆ రోజు అక్కడి నుంచి కదిలేవాణ్ణి కాదు. కట్టించేవాణ్ణి కూడా నేనే కాబట్టి చిత్తూరు బస్సెక్కాను. సాయంత్రానికి తిరిగి వచ్చేసరికి వాన కురిసి వెలిసింది. స్లాబు నున్నగా పూర్తయి ఉంది. మేస్త్రీ ఎందుకో నా ముఖం చూడలేదు. అలసిపోయాడనుకున్నాను.

పన్నెండో రోజు అసలు సంగతి తెలిసింది. స్లాబు వేసిన రోజు కాంక్రీటు తట్టలు మోసిన ఆడమనిషి ఒకామె కాలికి గుడ్డ కట్టుకుని ఇటుకలు అందిస్తోంది. ఏమైందని ఊరికే అడిగాను. "స్లాబు నాడు వరండా మింద కమ్మీలు కాళ్ళ కింద అణిగిపోయినాయి సార్. వాన వస్తాదని పరుగు మింద పోస్తా ఉంటే నా కాలు వాటి సందులో దూరి పలకకు తగిలింది" అంది.

 సుత్తీ ఉలీ తీసుకుని పైకెక్కి, గోడకు సరిగ్గా పైన, ఎక్కడైతే కమ్మీ అంగుళం లోతులో తగలాలో అక్కడ కొట్టడం మొదలుపెట్టాను. అంగుళం పోయింది, రెండు పోయాయి, మూడు పోయాయి. నాలుగో అంగుళంలో ఉలి ఇనుముకు తగిలింది. ఇంకో చోట కొట్టాను. అక్కడా అంతే. ఐదంగుళాల స్లాబులో కమ్మీలన్నీ అడుక్కు చేరి ఉన్నాయి. కింద కొయ్యలున్నాయి కాబట్టి నిలబడి ఉంది, తీసిన గంటలో కూలుతుంది. ఆ గుంత పక్కనే కూర్చుండిపోయాను. ఎదురుగా కొండంతా స్పష్టంగా కనబడుతోంది.

మేస్త్రీని పిలిచి గుంత చూపించాను. తెలుసన్నాడు. దొరికినచోటల్లా కొక్కెంతో పైకి లాగినానన్నాడు, వాన మొదలయ్యాక చెయ్యి చాలలేదన్నాడు. మరి నాతో ఎందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను.

"ముందైతే కాంట్రాక్టరు తప్పు చేస్తే ఇంజనీరుకు చెప్తాము, ఇంజనీరు తప్పు గీస్తే కాంట్రాక్టరుకు చెప్తాము. ఈడ రెండూ మీరే. కంబాలు అడిగితే వద్దంటిరి. ఇంక నేను ఎవురికి చెప్పేది సార్?"

అతని మీద అరుద్దామనుకున్నాను. చేతకాలేదు.

చివరన రెండు స్తంభాలు పెడితే స్లాబు బరువు వాటి మీద పడుతుంది, అప్పుడు అడుగున ఉన్న కమ్మీలే పనికివస్తాయి. ఆ దారి ఉందని తెలిసినప్పటి నుంచి నా బుద్ధి వక్రించింది. తప్పు జరిగిందని చెప్పకుండా, స్తంభాలుంటే అందమని చెబితే సరిపోతుంది కదా అనిపించింది. ఇది బయటపడితే ఈ ఊళ్ళో నాకు ఇంకో ఇల్లు ఎవరిస్తారు? మర్నాడు టీచరమ్మ దగ్గరికి వెళ్ళి అలాగే చెప్పాను. అక్క మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. "నువ్వు చదువుకున్నోడివి నాయనా. నీకు తోచినట్టు చెయ్" అన్నారు టీచరమ్మ. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగి ఉంటే ఇంకో రెండు అబద్ధాలు ఆడి, ఆడగలిగాను కదా అని ధైర్యం తెచ్చుకునేవాణ్ణేమో.

రెండు రోజులు అన్నం సహించలేదు. కమ్మీలు అడుగున ఉన్న స్లాబు కళ్ళ ముందు నుంచి పోలేదు. దాని కింద, గాలికని వరండాలోకి తెచ్చి వేసిన మంచం, ఆ మంచం మీద లేవలేని మనిషి. స్తంభాలు నిలుస్తాయని లెక్కలు చెబుతున్నాయి. కానీ పైన కమ్మీలుంటాయనీ ఆ లెక్కలే చెప్పాయి. మూడో రోజు మళ్ళీ వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పాను. స్లాబు పగలగొట్టి నా సొంత ఖర్చుతో మళ్ళీ వేస్తానన్నాను.

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. అద్దె ఇల్లు మాఘమాసంలోపల ఖాళీ చెయ్యాలని ఇద్దరికీ తెలుసు.

"కంబాలు పెడితే నిలుస్తాదా, నిలవదా?"

"నిలుస్తుందమ్మా."

"అయితే పెట్టు. పగలగొట్టేదానికి మాకు టైము లేదు." ఆపైన, బడిలో పిల్లల్ని అడిగినట్టే మెల్లగా అడిగారు. "మరి మొన్న అందమని ఎందుకు చెప్పినావు?"

 భయమేసిందని అన్నాను.

స్తంభాలు ఎక్కడ పెట్టినా ఒకటి కొండకు అడ్డం వస్తోంది. చూపుకు గుర్తుగా తాడు పట్టుకుని ముందుగదిలో మంచం ఉండబోయే చోట పడుకుని, మేస్త్రీని బయట కొయ్య పట్టుకుని నిలబడమని, అటు జరుపు ఇటు జరుపు అంటూ ఒక పగలంతా చూశాను. చివరికి ఎడమవైపు కొండ కొంచెం తెగేటట్టు పెట్టక తప్పలేదు. పోసిన స్తంభాలు గట్టిపడ్డాక, సెంట్రింగ్ తీసేటప్పుడు కూలీలందర్నీ దూరంగా పంపించి స్లాబు కింద నేను నిలబడ్డాను. మేస్త్రీ వద్దన్నాడు. వినకపోతే తనూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. స్లాబు కింది కొయ్యల్ని అతనే ఒక్కొక్కటిగా పడగొట్టాడు. ఆఖరిది పడ్డాక పైకి చూశాను. గోడ వెంబడి వెంట్రుకవాసి చీలిక ఒకటి కనబడింది. అంతకుమించి ఏమీ కాలేదు. బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను.

ఇల్లు పూర్తయ్యాక మేస్త్రీ నాతో ఇంక పని చెయ్యలేదు. పొలం చూసుకోవాలన్నాడు. నాకు పని ఇస్తామన్న ఇంకో ఇంటివాళ్ళు సంగతి తెలిసి వేరేవాళ్ళను పెట్టుకున్నారు. గీసేదీ కట్టేదీ నేను మానలేదు. కానీ ఆ తర్వాత ఏ స్లాబుకైనా కాంక్రీటు పోసే ముందు నాకు ఏమాత్రం సంబంధం లేని ఇంజనీరొకరిని పిలిచి చూపించేవాణ్ణి. పోసినంతసేపూ అక్కడి నుంచి కదిలేవాణ్ణి కాదు.

టీచరమ్మ వాళ్ళు మాఘంలో చేరారు. ఆ మరుసటి ఏడాది వానాకాలమంతా, చినుకు పడిన ప్రతిసారీ సైకిలెక్కి వెళ్ళి ఆ చీలిక దగ్గర నిలబడేవాణ్ణి. అది ఆగిన చోట పెన్సిలుతో గీత పెట్టాను. గీత దాటలేదు. దాటలేదని కళ్ళతో చూసినా ఇంటికొచ్చాక నమ్మకం నిలిచేది కాదు, మళ్ళీ వాన వస్తే మళ్ళీ వెళ్ళేవాణ్ణి. టీచరమ్మ ఎందుకు వచ్చానని అడిగేవారు కాదు. తలుపు తీసి, అక్క మంచం పక్కన కుర్చీ వేసేవారు.