మోటారు మీద ఎండిన బొమ్మ

మా అత్తమ్మ పోయింది. సూరత్‌లో, గోడాదరాలోని మా గల్లీలో ఆ కబురు తెలియగానే పిల్లలు ముందుగా అడిగింది, "ఇగ మా బొమ్మలు ఎవరు పలగ్గొడ్తరు?" అని. నాకు కోపం రాలేదు. ఆమె గురించి అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను.

మైదాలో ఉప్పు కలిపి పిల్లలు చేసే బొమ్మల్ని గట్టిపరచడం ఆమెకు వచ్చినట్టు మరొకరికి రాదు. ఎండ తగలనిచ్చేది కాదు. నీడలో పెట్టి, పూటపూటకూ పక్క మార్పిస్తూ రోజుల తరబడి ఆరబెట్టించేది. ఆ తర్వాత నడుమెత్తు నుంచి బండల మీద వదిలేసేది. పగలకపోతే వార్నిష్ పూసి టీవీ పక్కన అర మీద పెట్టేది. పగిలితే ముక్కలు పిల్లల చేతిలో పోసి, "ఏడిస్తే పిండి గట్టిపడ్తదా? పో, మళ్ల చెయ్యి" అనేది.

గల్లీ పిల్లల బొమ్మలు ఆ అర ఎక్కాయి. సొంత మనవరాలిది ఒక్కటీ ఎక్కలేదు. "జర నెమ్మదిగ వదలరాదా అత్తమ్మా, పసిపిల్ల" అన్నాను ఒకసారి.

"రేపు దాని చెయ్యి జారితే నెమ్మదిగ పడ్తదా?" అంది.

ఆమెను తిట్టుకోని రోజు లేదు. కానీ ఆమె అర ఎక్కించిన బొమ్మలు సూరత్ వానల్లో కూడా మెత్తబడలేదు. ఇప్పుడు వాటి దుమ్ము తుడుస్తుంటే ఏడుపొస్తోంది.

ఆమె మంచం పట్టాక నా బిడ్డ నానమ్మ బొమ్మనే చేసింది. ఆమె ఉండగానే దాన్ని అర మీద చూపించాలని పట్టుబట్టింది. నీడలో ఆరేదాకా ఆగలేక మా ఆయన దాన్ని తను పనిచేసే మరమగ్గాల కార్ఖానాకు తీసుకెళ్లి, వేడెక్కిన మగ్గం మోటారు మీద పెట్టాడు. గట్టిపడ్డ బొమ్మతో ఆయన ఇల్లు చేరేసరికి ఆమె లేదు.

మూడో రోజు డాబా మీద ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి కోసం చూశాం. కాకి పిట్టగోడ మీద వాలింది గానీ విస్తరి ముట్టలేదు. ఏ కోరిక మిగిలిందోనని మా ఆయన చేతులు జోడించాడు. "నీ మనవరాలి బొమ్మ అర మీద పెడ్తనే అమ్మా."

"ఇంకా పడేసి చూడలే గద నాన్నా," అంటూ నా బిడ్డ చేతిలోని బొమ్మను నడుమెత్తు నుంచి వదిలింది.

మెడ విరిగింది. పిల్ల ఏడవలేదు. చతికిలబడి, విరిగినచోట వేలు పెట్టి చూసింది. "లోపల పచ్చిగనే ఉంది. మోటారు మీద పెడ్తివి గద," అంది తండ్రితో, అచ్చం ఆమె గొంతుతోనే.

పక్కనున్న చెంబులోంచి నీళ్లు పోసుకుని, నానమ్మ తలను మళ్లీ పిసకడం మొదలుపెట్టింది. మేమంతా ఆ చేతుల్నే చూస్తుండగా, వెనక విస్తరి చప్పుడైంది.