సైదులన్న పోసిన వంటగట్టు

ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. దయ్యం కనబడిందని పిల్లలెవరైనా అంటే, ఎంత దూరం నుంచి చూశావు, అప్పుడు వెలుతురు ఎంత ఉంది అని అడిగి నవ్వించేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. జరిగింది మాత్రం రాస్తాను.

హుజూర్‌నగర్‌లో ఒక పాత ఇల్లు కొన్నాను. రెండు గదులు, ఒక వంటగది. నా పెళ్లి నిలవలేదు. ఒక్కదాన్నే కాబట్టి అంతకు మించి అక్కర్లేదు. ఇల్లు బాగుచేసే పని మా అన్న సైదులు తనమీద వేసుకున్నాడు. అన్న తాపీ మేస్త్రి. కేతేపల్లిలో ఉండేవాడు.

వంటగట్టుకు గ్రానైట్ వేయిద్దామన్నాను. అన్న ఒప్పుకోలేదు. హైదరాబాదులో ఎక్కడో పని చేసినప్పుడు బండలు, టైల్స్ ఏమీ లేకుండా ఉత్త కాంక్రీటుతో కట్టిన వంటగది చూశాడట.

"గ్రానైట్ అందరిండ్లల్ల ఉంటది చెల్లె. నీకు కాంక్రీట్‌తోనే చేసిస్త. ఒక్క అతుకు కనబడది. చెయ్యి పెడితే జారాలె."

మే నెల, ఒక ఆదివారం పొద్దున పోశాడు. సాయంత్రం దాకా తాపీతో రుద్దుతూనే ఉన్నాడు. అన్నం తినమంటే చేతులు కడుక్కుంటే పని ఆగుతుందన్నాడు. పోయేటప్పుడు ఒకటే మాట చెప్పాడు.

"పది దినాలు తడి ఆరనియ్యకు. ఎండకాలం గిది. ఒక్క దినం ఆరితే నెర్రెలిస్తది. ఇగ మనమేం జేసినా అతకది."

నేను అప్పుడు రెండు వీధుల అవతల కిరాయి గదిలో ఉండేదాన్ని. బడికి సెలవులు. పొద్దున, సాయంత్రం వెళ్లి గట్టు మీద పరిచిన గోనె సంచులు తడిపి వచ్చేదాన్ని. నాలుగో రోజు, అంటే బుధవారం పొద్దున, సంచులన్నీ తీసి గోడవారగా నేల మీద కుప్పగా వేశాను. గట్టంతా ఒకసారి కడిగి మళ్లీ పరుద్దామని. బకెట్ పట్టుకున్నానో లేదో ఫోన్ వచ్చింది. అన్న పని దగ్గర పడిపోయాడు, హైదరాబాదు తీసుకుపోతున్నారు. తాళం వేసి పరుగెత్తాను.

తలలో రక్తనాళం చిట్లిందన్నారు. లోపలికి రోజుకు ఒకసారి, కాసేపే పంపేవారు. వదిన, నేను ఒకరి తర్వాత ఒకరం వెళ్లేవాళ్లం. వదిన వెళ్లినప్పుడు కళ్లు మూసుకునే ఉండేవాడట. నేను వెళ్తే తెరిచేవాడు.

"నీళ్లు గొట్టినవా?"

"పక్కింటోళ్లకు చెప్పినన్న. కొడుతున్నరు" అన్నాను.

నేను ఎవరికీ చెప్పలేదు. అంత ఆలోచన లేదు. మర్నాడూ అదే అడిగాడు, అదే చెప్పాను. ఆదివారం నుంచి అడగడం మానేశాడు. మంగళవారం మధ్యాహ్నం పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. సంతకం పెట్టమన్నచోట పెట్టాను. బండి ఎక్కమంటే ఎక్కాను. కేతేపల్లిలో ఎవరెవరో వచ్చి పట్టుకుని ఏడ్చారు. వాళ్ల చేతులు నా మీద ఉన్నాయని తెలిసేది, అంతే.

శుక్రవారం బట్టలు తెచ్చుకోవడానికి హుజూర్‌నగర్ వచ్చాను. ఇల్లు కూడా ఒకసారి చూసిపోదామని వెళ్లాను. పొద్దున పదకొండు అయి ఉంటుంది. తొమ్మిది రోజులు ఆ ఎండకు ఎండిన గట్టు ఈపాటికి పగిలే ఉంటుందనుకున్నాను. దానికీ బాధ అనిపించలేదు.

తలుపు తీయగానే తడి గోనె వాసన వచ్చింది.

సంచులు గట్టు మీద ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా, ముడత లేకుండా పరిచి ఉన్నాయి. చేయి పెట్టి చూశాను. నానిపోయి ఉన్నాయి. అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. బకెట్ నేను వదిలినచోటే ఉంది, లోపల పొడిగా ఉంది. కిటికీ గడియ లోపల్నుంచి వేసే ఉంది. పైకప్పుకు ఎక్కడా తడి లేదు. ముందుగదిలో నేల మీద దుమ్ము పట్టింది. అందులో నా చెప్పుల గుర్తులే ఉన్నాయి.

పక్కింటి రజియా బీని అడిగాను.

"ఎవ్వలు రాలే టీచరమ్మ. తాళం తీసిన సప్పుడు సుత ఇనలే" అంది. తర్వాత, "మీ అన్న పడిపోయిండట గద, ఎట్లున్నది?" అని అడిగింది.

"పోయిండు" అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

మళ్లీ లోపలికి వచ్చాను. భయం వేయలేదు. సంచులు ఒక్కొక్కటే తీసి బయట ఎండలో వేశాను. గంట తిరక్కుండానే కర్రల్లా బిర్రబిగిశాయి. గట్టు మీద వెంట్రుకంత పగులు కూడా లేదు.

ఆ తాళానికి రెండు చెవులు. ఒకటి నా సంచిలో ఉంది. రెండోది అన్న దగ్గర ఉండేది. దవాఖానలో ఇచ్చిన అన్న బట్టల మూటలో అది తర్వాత వదినకు దొరికింది. మూట అప్పటిదాకా ఎవరూ విప్పలేదు.

కొన్నాళ్లకు అన్నతో పనిచేసిన లింగయ్య మేస్త్రి గట్టు కింద ఆసరాగా కొట్టిన చెక్కలు తీయడానికి వచ్చాడు. వేలితో నాలుగుచోట్ల కొట్టి విన్నాడు.

"ఒక్క పూట తప్పకుండ తడిపిన గట్టమ్మా గిది. నీళ్లు ఎవలు కొట్టిన్రు?"

జరిగింది చెప్పాను. ఆయన చెక్కలు తీసి పేర్చి వెళ్లిపోయాడు.

వదినకు చెప్పకూడదనుకున్నాను. వానాకాలంలో ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. టీ పెడుతుంటే గట్టు ఎంత నున్నగా ఉందో అంది. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. వదిన అరచెయ్యి గట్టు మీద ఆనించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా నడిచింది.

"సంచులెందుకు తీసినవ్?" అంది.

"ఇంకేం పనుంది వదినా, అప్పటికే గట్టిపడ్డది."

"తీయకపోతే మల్ల వస్తుండెనేమో. నాకోసం రాకున్నా దానికోసమన్నా వస్తుండె. నేను గీడనే కూసుంటుంటి."

టీ పోసి ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మూడింటి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ నీళ్లు ఎవరు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా తేలలేదు. ఎవరు కొట్టారని వదిన మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.