చెరువులో దిగిన విమానం

చిక్కడపల్లిలో, మా ఇంటి వెనక సందులో, బస్సులు రిపేరు చేసి రిటైరైన ఒక అన్న ఉండేవాడు. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేదాన్ని. నేల మీదా నీళ్ల మీదా దిగే చిన్న విమానం సొంతంగా కట్టాలన్నది ఆయన పిచ్చి. అది నాకూ అంటుకుంది. ఆయన కారు షెడ్డులోనే పని. రెక్కలూ ఇంజనూ ఆయన చూసుకుంటే, పడవలాంటి అడుగుభాగం నేను చేశాను. ఫోమ్ దిమ్మెలు చెక్కి, ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ జిగురు పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం. ఎన్నిసార్లు తలంటుకున్నా ఆ వాసన వదిలేది కాదు. అన్నంలో కూడా అదే వాసనని మావారు విసుక్కునేవారు.

ఒక ఆదివారం కోఠి నుంచి రంగు డబ్బాలతో వచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది.

"చెరువు కాడికి తీస్కపోయిండ్రు గదా. నీకు చెప్పలేదా?" అంది అన్న భార్య, వదిన, గుమ్మంలో నిలబడి.

సాయంత్రం తోటి లెక్చరర్ నా ఫోనుకి టీవీ వార్తల వీడియో పంపింది. విమానం నీళ్ల మీద ఏ పక్కకీ ఒరగకుండా, నిశ్చింతగా తేలుతోంది. ఒక్క క్షణం అన్నీ మరిచి చప్పట్లు కొట్టాను. అంతలో వీడియోలో విలేకరి అన్నని అడిగాడు, ఎవరైనా సాయం చేశారా అని.

"అంత నేనొక్కణ్నే చేసిన. పక్కింటి చెల్లె చాయ్ తెస్తుండె," అన్నాడు అన్న నవ్వుతూ.

మర్నాడు షెడ్డుకి వెళ్లి అడిగాను. "చాయ్ పెట్టింది వదిన కదన్నా. మరి నేనేం చేశాను?"

ఆయన నా మొహం చూడలేదు. "నువ్వొస్తే నీ పేరు గూడ చెప్పాలె చెల్లె. ఒక్కసారన్న అది నా ఒక్కనిది గావాలనుకున్న."

ఏదైనా అబద్ధం చెప్పినా బాగుండేది.

షెడ్డుకి తిరిగొచ్చిన విమానం వైపు చూపించి, "చక్రం కాడ నీళ్లొస్తున్నయి. జర చూస్తవా?" అన్నాడు.

వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. కానీ రేపు అందులో మనిషి కూర్చుంటాడు. వంగి చూస్తే, చక్రం ముడుచుకునే గూటి అంచున సన్నటి చీలిక. అతుకు వేసి, రెజిన్ గట్టిపడేదాకా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ఇంజను గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. పని అయ్యాక చేతితొడుగులు విప్పి పారేసి ఇంటికొచ్చాను.

మళ్లీ ఆ షెడ్డుకి వెళ్లలేదు. విమానం ఇంకా ఎగరలేదని, అనుమతుల దగ్గర ఆగిందని విన్నాను. నారాయణగూడ మార్కెట్లో ఎదురుపడితే "మంచిగున్నవా చెల్లె" అంటాడు. తలూపి, వంకాయలు ఏరడంలో పడిపోతాను.