టూవూంబాలో పొంగిన పాలు

సిడ్నీలో బతుకు మేలా, క్వీన్స్‌లాండ్‌లో మేలా అని మా ఇంట్లో కొన్ని నెలలుగా ఒకటే చర్చ. మా అమ్మాయి నర్సు. సిడ్నీ చివర మేముండే ఎడ్మండ్‌సన్ పార్క్ పేట నుంచి సిటీలోని ఆసుపత్రికి తెల్లారకముందే రైలెక్కుతుంది. తిరిగొచ్చేసరికి కళ్ళు గుంటలు పడి ఉంటాయి. క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబా ఊళ్ళో ఒక ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. అల్లుడిది ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటర్ పని, ఎక్కడైనా ఒకటే. మనవరాలు కుక్కపిల్లని కొంటామంటే ఏ ఊరైనా వస్తుంది. ఇక మిగిలింది నేను.

నాకు తెలుగు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి. ఇంగ్లీషువి ఇక్కడికొచ్చాక, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. స్టేషన్ బోర్డు చదువుకుని, ఒక్కదాన్నే రైల్లో ఇక్కడి లివర్‌పూల్ బజారుకి వెళ్ళి, లేత బెండకాయలు ఏరుకుని తిరిగొచ్చిన రోజున కలిగిన గర్వం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. సాయంత్రాలు పార్కులో నాలాంటి ఆడవాళ్ళం కొందరం కూర్చుంటాం. కోడళ్ళ మీదా అల్లుళ్ళ మీదా చెప్పుకోవలసినవి చెప్పుకుని, దీపాల వేళకి ఎవరిళ్ళకి వాళ్ళం నడిచి పోతాం. నాకు కారు నడపడం రాదు, ఇక రాదు కూడా. నా భయమంతా అదే. కారు లేనిదే కదలలేని ఊళ్ళో పడితే, ఒకరు తీసుకెళ్తే తప్ప గడప దాటలేని మనిషిని మళ్ళీ అవుతాను.

"ఊరికే వద్దనకు, చూసి చెబుదువుగాని రామ్మా" అని స్కూలు సెలవుల్లో టూవూంబాలో ఒక వారానికి ఇల్లు అద్దెకి తీసుకుని నన్ను వెంటబెట్టుకెళ్ళారు. దారి పొడుగునా అల్లుడు బేరీజు వేస్తూనే ఉన్నాడు.

"అక్కడ ట్రాఫిక్ ఉండదు అత్తయ్యగారూ. బ్యాక్‌యార్డ్ ఎంతుంటుందో తెలుసా? మీరు హాయిగా బీరపాదు పెట్టుకోవచ్చు."

"పెడతాను బాబూ. కాసిన కాయలు ఎవరికి పంచను?"

అతను మళ్ళీ ట్రాఫిక్ సంగతే ఎత్తుకున్నాడు.

అబద్ధమెందుకు, ఇల్లు బాగుంది. కొండ మీది గాలి చల్లగా, తేటగా ఉంది. మర్నాడు పొద్దున్నే వీధిలో నడుద్దామని బయల్దేరాను. కాలిబాట కొంతదూరం పోయి గడ్డిలో ఆగిపోయింది. అవతల పెద్ద రోడ్డు, రయ్యిమని పోయే కార్లు. నడిచే మనిషి ఒక్కరు కనబడితే ఒట్టు. ఎవరో తెల్లాయన కారు పక్కకి ఆపి, "ఆర్ యూ ఓకే, లవ్?" అని ఆప్యాయంగా అడిగాడు. నడుస్తున్నందుకే తప్పిపోయాననుకున్నాడు. అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేశాను.

కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీలోంచి ఆ రోడ్డు వంకే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో, చుయ్యిమన్న చప్పుడుకి తిరిగి చూస్తే పాలు పొంగి పొయ్యంతా పారాయి.

అల్లుడు పరుగెత్తుకొచ్చి, చూసి, చేతులు జోడించాడు. "అత్తయ్యగారు పాలు పొంగించేశారు! అదీ తూర్పుకి! ఇంక ఆలోచనే లేదు."

"ఏంటమ్మా, ముందే చెబితే తలస్నానం చేసొద్దును కదా!" అని అమ్మాయి ఒకటే నవ్వు.

"సో, వీ ఆర్ మూవింగ్?" అంది మనవరాలు.

 ఎడ్మండ్‌సన్ పార్క్ ఇంట్లో దిగినప్పుడు పాలు పొంగించింది నేనే. కాబట్టి ఇదీ ఒప్పుదలే అనుకున్నారు. నేను తుడిచే గుడ్డ వెతుక్కునేలోపే అల్లుడు వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పేశాడు.

అప్పుడే చెప్పి ఉందును. కానీ ఆ రోజు అమ్మాయి ఆసుపత్రి చూసి రావడానికి వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, అన్నం తిని సోఫాలో నిద్రపోయింది. అది పగలు కునుకు తీయగా చూసి ఎన్నాళ్ళయిందో. దుప్పటి కప్పి పక్కన కూర్చున్నాను. ఉన్నమాట మొహం మీద అనేసే నేను ఆ సాయంత్రం దాకా దాన్ని లేపలేదు.

అది లేచాక అన్నాను. "అవి పొంగించిన పాలు కావే. నేను మరిచిపోతే పొంగిపోయిన పాలు. నాకిక్కడ భయంగా ఉంది."

"భయం దేనికమ్మా? మేం లేమూ?"

"మీరే ఉంటారు, అదే భయం. ఉల్లిపాయ కావాలన్నా మీరే, మనిషి మొహం చూడాలన్నా మీరే. బీరువాలో పట్టుచీరలా ఉంటాను. పండక్కోసారి తీస్తారు."

"ఇక్కడా తెలుగు ఆంటీలు ఉంటారమ్మా."

"వాళ్ళనీ ఎవరో ఒకరు కారులో మోసుకురావాలిగా!"

అల్లుడి మొహం వాడిపోయింది. "అంటే వద్దంటారా అత్తయ్యగారూ?"

వద్దంటే పిల్ల మళ్ళీ చీకటితో రైలెక్కాలి. "వద్దనను బాబూ. నా కాళ్ళతో నేను బస్సు దగ్గరికి పోగలిగే ఇల్లు చూడండి. పెరడు లేకపోయినా పర్లేదు. అలాంటి ఇంట్లో అయితేనే పాలు పొంగిస్తాను. కాదంటే పొయ్యి ముట్టను."

"అమ్మమ్మా, దేర్ ఆర్ హార్డ్లీ ఎనీ బసెస్ హియర్" అంది మనవరాలు.

"వచ్చేదాకా నిలబడతానులేవే."

ఎడ్మండ్‌సన్ పార్క్ తిరిగొచ్చాం. పార్కులో ఎవరికీ చెప్పలేదు. భోజనాలయ్యాక ఫోన్లో ఇళ్ళు వెతుకుతున్నారు. అమ్మాయి వంటిల్లు చూపిస్తుంది, నేను బస్సెక్కడాగుతుందని అడుగుతాను. నిన్న ఒకటి దొరికింది. "బస్‌స్టాప్ దగ్గరేనమ్మా, నువ్వు నడవగలవు" అంది సంబరంగా.

"దారి ఎత్తా, పల్లమా?" అని అడిగాను.

టూవూంబా కొండ మీది ఊరు. అమ్మాయి ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసుకుంటూ, రోడ్డు వాలు ఎటుందో తేల్చుకోలేక చూస్తూ కూర్చుంది.