ఎడమకు తిరిగిన మెడ

మా ఆడపడుచు రాజకుమారికి పుట్టుకతోనే జుట్టు, రెప్పల వెంట్రుకలు, ఒళ్ళు అన్నీ తెలుపే. ఆ రంగు సంగతి రాజాంలో అందరికీ తెలుసు, మెడ సంగతే ఎవరికీ పట్టలేదు. ఆమె కనుగుడ్లు కుదురుగా ఉండవు, అటూ ఇటూ ఊగుతుంటాయి. తల వంచి, గడ్డం ఎడమ భుజం వైపు తిప్పితే ఆ ఊపు ఆగి ఎదుటి వస్తువు నిలబడుతుంది. ఐదేళ్ళప్పుడే, ఎవరూ చెప్పకుండా, ఆ కిటుకు కనిపెట్టింది. మా అత్త జగ్గమ్మకు మాత్రం అది వంకరగా తోచింది. "ఒసే, తిన్నగా సూడే! ఆ టెక్కేటి?" అంటూ గడ్డం పట్టి తిప్పేదట. చెయ్యి తియ్యగానే తల మళ్ళీ ఎడమకే.

ఇప్పుడు రాజకుమారికి ముప్పై ఎనిమిదేళ్ళు. సూదికి జానెడు దూరంలో ముక్కు పెట్టి ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. మొన్న వేసవిలో మెడ నుంచి రెక్క దాకా పోటు మొదలైంది. తర్వాత కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి కత్తెర జారిపోయింది. విజయనగరం తీసుకెళ్ళాను. మెడలో నరం నొక్కుకుపోతోందని, మూడు నెలలు బెల్టు పెట్టి తల తిన్నగా ఉంచకపోతే వేళ్ళు పనికిరాకుండా పోతాయని డాక్టరు చెప్పాడు.

బెల్టు నేనే బిగించాను. నా పెత్తనం మీద నాకు మహా నమ్మకం.

అత్త మురిసిపోయింది. "ఇన్నాళ్ళకి నా కూతురి మొకం తిన్నగా సూసినాను!"

మర్నాడు మిషను మోగలేదు. నాకు ఒళ్ళు మండింది. "మెడకి బెల్టెడితే సేతులు ఆడవేటి?" అన్నాను.

"సూది అగుపడదు వదినా. ఊగిపోతన్నాది."

మిషను కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాను. దాన్ని ఆమె కుడిపక్కకు జరిపాను. తల కదపకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పితే సూది కాస్త నిలబడింది. గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండా, పక్కకు మెలితిరిగి కుట్టిన నడుం పట్టేసి రెండు రోజులు మంచం మీంచి లేవలేకపోయింది. నొప్పిని ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టాను, అంతే. సిగ్గేసింది.

"ఏదేటైనా బెల్టు తియ్యకే. ఇప్పుడే మనిషిలా ఉన్నావు," అంది అత్త.

"ఇది ఎట్టుకుంటే నీ మొకం నాకు అగుపడదే అమ్మా," అంది రాజకుమారి. "సిన్నప్పుడు నువ్వు గడ్డం తిప్పినప్పుడల్లా అంతే. సెప్తే నమ్మవని సెప్పలేదు."

అత్త తనే బెల్టు ఊడదీసి, కూతురి గడ్డం కింద అరచెయ్యి పెట్టి మెల్లగా ఎడమకు తిప్పింది.

"ఇప్పుడు అగుపడతన్నానా?"

"ఆఁ. సెంపలు పీక్కుపోనాయే అమ్మా."

ఆ మధ్యాహ్నం మిషను మోగింది. సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. దీపాలు పెట్టే వేళకు కత్తెర మళ్ళీ కింద పడింది. డాక్టరు మాట ముగ్గురికీ గుర్తే. అత్త వంగి కత్తెర తీసి, కూతురి వేళ్ళను ఒక్కొక్కటిగా దాని చుట్టూ ముడిచింది.