పేపరును నమ్మని మిలిట్రీ కాక

మా వాడకట్టు మిలిట్రీ కాక పోయిన వారం కన్నుమూశాడు. మర్నాడు పేపరులో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు వచ్చాయి. మాజీ సైనికుడు మృతి, పలువురు ప్రముఖుల సంతాపం అని. నేను ఆ రోజంతా శవం దగ్గరే ఉన్నాను. ప్రముఖులెవరూ రాలేదు. నేత పనివాళ్లు వచ్చారు, టీ హోటల్ భాయి వచ్చాడు, ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చారు. ఆ లైన్లు చూస్తే కాక ఊరుకునేవాడు కాదు. ఆ ప్రముఖులు వచ్చినప్పుడు చూసినవాడెవడో చెప్పమని నన్ను నిలదీసేవాడు. ఒకప్పుడు నేను సిద్దిపేట విలేకరిని కాబట్టి పేపరులో ఏం తప్పు పడ్డా ఆయన కోర్టులో ముద్దాయిని నేనే.

ఆయనది దుబ్బాక. బంగ్లాదేశ్ యుద్ధంలో పోరాడి, తిరిగొచ్చి సిద్దిపేటలో ఇల్లు కట్టుకున్నాడు. భార్య లేదు. మేమంతా అత్త అని పిలిచే, భర్త పోయిన చెల్లెలు, ఆమె ఒక్క కొడుకు ఆయన దగ్గరే ఉండేవాళ్లు. పొద్దున హైదరాబాదు నుంచి మొదటి బస్సులో పేపర్లు దిగేసరికి బస్టాండు ఎదుటి హోటల్లో కాక సిద్ధంగా ఉండేవాడు. యుద్ధం వార్త ఏదైనా సరే, కింది నుంచి పైకి చదివేవాడు. మొదటి లైను సర్కారు చెప్పింది, ఆఖరి లైను కోయడం మరచిపోయింది అని ఆయన లెక్క. పేపరు ఆఫీసు డెస్కులో చోటు చాలకపోతే వార్తల్ని కింది నుంచే కోస్తారని ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు.

ఎందుకింత అనుమానం కాకా అని ఒకసారి అడిగాను.

"నేనున్న లడాయిని నేను పేపర్ల చదివిన," అన్నాడు. "అండ్ల నేను లేను, చలి లేదు, ఆకలి లేదు. ఉత్త గెలుపే ఉన్నది."

మన సైన్యాన్ని శ్రీలంకకు పంపినప్పుడు హోటల్లో అందరూ సంతోషించారు. పేరే శాంతి సేన కదా. కాక ఒక్కడే ముఖం మాడ్చుకున్నాడు. ఇద్దరి కొట్లాట నడుమ పోయినవాడు ఇద్దరి దెబ్బలూ తింటాడని, పంపేవాళ్లకు ఎప్పుడు వెనక్కి పిలవాలో కూడా తెలియాలని గట్టిగానే అన్నాడు. కొన్ని నెలలకే, అక్కడి తమిళ తిరుగుబాటుదార్ల చేత ఆయుధాలు దింపిద్దామని పోయిన మనవాళ్లు వాళ్లతోనే యుద్ధం చేయాల్సి వచ్చింది. పేపర్లు మాత్రం రోజూ ముందుకు సాగుతున్న సేన అనే రాసేవి. మనవైపు నష్టం స్వల్పం అనేవి. సర్కారు పింఛను తింటూ సర్కారునే తిడతావా అని ఒక పెద్దమనిషి ఆయన్ని గద్దించాడు. పింఛను నోరు మూసుకోవడానికి ఇస్తలేరని కాక టీ తాగుతూనే జవాబిచ్చాడు.

ఆయన కోపం వెనక భయం ఉందని మాకందరికీ తెలుసు. మేనల్లుడు ఆ సేనలోనే ఉన్నాడు. కోమటి చెరువు కట్ట మీద వాణ్ని పరుగెత్తించి, చెల్లెలు వద్దంటున్నా పట్టుబట్టి మిలిట్రీలో చేర్పించింది తానే.

ఒక మధ్యాహ్నం మిలిట్రీ నుంచి తారు, అదే టెలిగ్రాం, వచ్చింది. పిల్లవాడు చనిపోయాడు, అక్కడే దహనం చేశారు. నేను రెండు ముక్కలు రాసి కవరులో పెట్టి హైదరాబాదు బస్సు డ్రైవరుకు ఇచ్చాను. తల్లి ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేదని అందులోనే రాశాను. డెస్కులో కూర్చున్న మహానుభావుడెవరో దానికి నగలు తొడిగాడు. ఇంకో కొడుకు ఉంటే వాణ్ని కూడా దేశానికే ఇచ్చేదాన్ని అని ఆ వీరమాత సగర్వంగా చెప్పిందట. కాక పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అది నా రాత కాదని చెప్పాను. ఆయన నమ్మాడో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

"నీ పేరు లేదు బిడ్డా. నా చెల్లె పేరున్నది," అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. వాడకట్టు ఆడవాళ్లెవరో ఓదార్పు అనుకుని ఆ వార్తను అత్తకు చదివి వినిపించారు. ఆమె ఏడుపు ఆపి, రెండోసారి చదివించుకుంది. సాయంత్రం నేను పోయేసరికి ముఖం కడుక్కుని గడపలో కూర్చుని ఉంది. దినాల మాట ఎత్తిన అన్నను సూటిగా చూసింది.

"నేననని మాట అన్ననని రాసిన్రు అన్నా. గట్లనే సావనోన్ని సచ్చిండని రాసిన్రు. పేపరును నమ్మొద్దని నువ్వే అంటివి గదా."

కాక పోయి తారు తెచ్చాడు. చూపిస్తే అదీ కాగితమే కదా అంది. శవాన్ని చూపించమంది. ఆ ఒక్కటీ ఆయన వల్ల కాలేదు. ఊరందరికీ అనుమానం నేర్పినవాడు, ఈ ఒక్క వార్త నిజమని సొంత చెల్లెలిని నమ్మించలేకపోయాడు. ఆ అబద్ధం రాసినవాడి మీద నాకు ఇంకా కోపం పోలేదు. వాడికి అదొక అందమైన వాక్యం, అంతే. ఆ తల్లికి కొడుకు కోసం ఏడ్చే దారి మూసుకుపోయింది.

కొన్నాళ్లకు మిలిట్రీవాళ్లు బట్టల పెట్టె, అస్థికల ముంత తెచ్చారు. ఎవరి బూడిదో అని అత్త ముట్టుకోలేదు. కాక వాదించలేదు. ఒక్కడే ధర్మపురి పోయి, గోదావరిలో కలిపి, గుండు మీద తువ్వాల చుట్టుకుని వచ్చాడు. ఆ గుండు ఎందుకని అత్త అడగలేదు.

చివరికి రమ్మన్న శ్రీలంకవాళ్లే పొమ్మన్నారు, ఇక్కడ పంపినవాళ్ల సర్కారు మారింది, సేన వెనక్కి వచ్చింది. మద్రాసు రేవులో ఓడ దిగుతున్న జవాన్ల ఫోటో మొదటి పేజీలో సగం దాకా వేశారు. కర్తవ్యం ముగించారని పైన పెద్ద అక్షరాలు. నేను కాక అరుగు మీద కూర్చుని, ఇప్పుడు ఆయన ఏ కర్తవ్యం అని మొదలుపెడతాడని చూస్తున్నాను. అంతలో లోపలి నుంచి అత్త వచ్చింది.

"అందరొచ్చిన్రట గదా అన్నా. మనోడు ఉన్నడేమో సూడు."

ముంతను తన చేతులతో ఏట్లో వంచి వచ్చిన మనిషి ఏం చెప్తాడా అని నేను తల దించుకున్నాను. ఆయన లేచాడు. అద్దాలు తుడుచుకుని, పేపరును ఎండలోకి పట్టుకుపోయి నేల మీద పరిచాడు. అత్త ఆయన పక్కన గొంతుకూర్చుంది. ఒక్కొక్క ముఖం మీద వేలు పెడుతూ, వీడు కాదు, వీడు కాదు అని మెల్లగా చెప్పుకుంటూ వచ్చాడు. ఒక్కడినీ వదలలేదు. వెనక వరసలో, ముందువాడి టోపీ అడ్డం పడి ముఖం కనిపించని జవాను ఒకడున్నాడు. కాక వేలు వాడి దగ్గర ఆగింది. అత్త ఇంకా ముందుకు వంగింది. ఆయన ఆ వేలు తీయలేదు.