చంపిన పాము వేరు

మా దొర్నిపాడు చేలల్లో ఎవరినైనా పాము కరిస్తే ముందు మనిషిని చూడరు. పామును వెతుకుతారు.

ఆ రోజు పొద్దున శనగ నూర్పిడి. చిన్నాయన కుప్ప కింద చెయ్యి పెట్టి వెంటనే లాక్కున్నాడు. మణికట్టు మీద రెండు గాట్లు. ఏడు గంటల పది నిమిషాలు.

"బండెక్కు చిన్నాయనా. అరగంటలో ఆళ్లగడ్డ ఆసుపత్రి," అన్నాను.

పక్క చేను మామ అప్పటికే కట్టె తీశాడు. "ఏం పామో తెలీకుండా పోయి డాక్టరుకు ఏం జెప్తావురా?"

"ఈడ కరిచే విషప్పాములన్నిటికీ ఒకటే సూది మామా."

"నువ్వు జదివింది కరెంటుది. పాములకు యాడన్నా వైరింగు ఉంటాదా?"

అందరూ నవ్వారు, చిన్నాయన కూడా. "ముందు దాన్ని పట్టండప్పా!" అని అరిచింది ఆయనే.

ఐదుగురు కలిసి కుప్పలన్నీ తిరగేశారు. నలభై నిమిషాలకు, మూడో కుప్ప కింద ఒక జెర్రిపోతు దొరికింది. చితక్కొట్టారు.

"జెర్రిపోతేనప్పా! దీనికి ఇషమే లేదు," అన్నాడు మామ. టీ తెప్పించాడు.

కరిచింది అదేనని ఎవరు చూశారు? ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు. టీ తాగాను.

తొమ్మిదికి చిన్నాయన చెయ్యి మోచేతి దాకా వాచింది. చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఆళ్లగడ్డ చేరేసరికి తొమ్మిది నలభై. మామ సంచిలో తెచ్చిన చచ్చిన పామును డాక్టరు చూడనైనా లేదు. చిన్నాయన రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాడు. తర్వాత వంచితే నీళ్లలా జారింది.

"గడ్డ కట్టలేదు. రక్తపింజర అయ్యుంటుంది. ఇంతసేపు యాడున్నారప్పా?"

మామ సంచిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

చిన్నాయన బతికాడు. కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఆయన్ని నంద్యాల తీసుకుపోతున్నాను.

మొన్న చిన్నాయనతో బస్సు కోసం నడుస్తుంటే గట్టు మీద మామ మళ్లీ కట్టె ఎత్తి నిలబడి ఉన్నాడు. ఎదురుగా జెర్రిపోతు. పరుగెత్తి కట్టె లాక్కున్నాను.

"ఎలకల్ని తినేదాన్ని ఎందుకు చంపుతాండావ్ మామా?"

"మీ చిన్నాయన్ను కరిచింది ఈ జాతే గదరా!"

డాక్టరు చెప్పినప్పుడు ఈ మనిషి నా పక్కనే ఉన్నాడు. కట్టెను మోకాలికేసి విరిచాను. గొంతు పోయేలా అరిచాను.

"ఇంక సాల్లేరా," అన్నాడు చిన్నాయన వెనక నుంచి, ఆయాసపడుతూ. "బస్సు పోతాది."

విరిగిన కట్టె చేతిలోనే పట్టుకుని బస్సెక్కాను.